ఆ పిల్ల ఇంట్లో లేని లారీ

రిటైరైనవాళ్ళు పుస్తకం రాస్తే మొదట ఉద్యోగం ఎలా వచ్చిందో ఉంటుంది, చివర సన్మానానికి ఎవరెవరు వచ్చారో ఉంటుంది. నాకూ సన్మానం జరిగింది. శాలువా మంచిదే, చలికాలంలో కప్పుకుంటున్నాను. ఆ సంగతి అంతటితో సరి.

నేను మండల పరిషత్ అభివృద్ధి అధికారిగా, అంటే జనం నోట్లో ఎంపీడీవో అమ్మగా, రిటైరయ్యాను. పుట్టింది గజపతినగరం దగ్గర వరీ చోళ్ళూ పండించుకునే ఇంట్లో. ఉద్యోగమంతా పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే. రోడ్లు వేయించాను, కుళాయిలు పెట్టించాను, లెక్కలేనన్ని మీటింగుల్లో కునికిపాట్లు పడ్డాను. అవేవీ ఇక్కడ చెప్పను. పింఛను పోయినవాళ్ళు ‘మాది మళ్ళీ చూడండి’ అని పెట్టుకునే అప్పీళ్ళను తేల్చడం గురించి మాత్రమే చెబుతాను. కొత్తగా చేరేవాళ్ళకి ట్రైనింగులో దీనికి ఒక పూట కూడా ఇవ్వరు. నా ట్రైనింగులో ఒక పెద్దమనిషి ‘అప్పీలంటే ఏముందమ్మా, అవే గళ్ళల్లో మళ్ళీ టిక్కు పెట్టడమే’ అన్నాడు. అది తప్పని ఆయన ముందే అన్నాను. ఇప్పుడు మళ్ళీ అంటున్నాను.

అప్పీలంటే రెండోసారి చూడటం. మొదటిసారి చూసిన కంప్యూటరు తెరనే మళ్ళీ చూస్తే అది రెండోసారి చూడటం కాదు. తెరలో నిన్న ఏముందో ఇవాళా అదే ఉంటుంది. చూడాల్సింది ఎక్కడో వేరే చోట ఉంటుంది, అక్కడికి వెళ్ళడానికి బద్ధకించేవాళ్ళు దయచేసి ఈ ఉద్యోగంలోకి రాకండి.

కుర్చీ

మా ఆఫీసుల్లో అర్జీ పెట్టుకున్నవాళ్ళు నిలబడతారు. ఎవరూ నిలబడమని చెప్పరు, కూర్చోమని కూడా చెప్పరు. నేను నా బల్ల ముందు ఒక కుర్చీ వేయించాను. ఒక పై అధికారి తనిఖీకి వచ్చి దాన్ని తీయించాడు. ‘కూర్చోబెడితే లేవరమ్మా’ అన్నాడు. మర్నాడు ఇంటి నుంచి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చుకున్నాను. ఆఫీసు సామాను కాదని తెలియడానికి దాని వీపు మీద నా పేరు ఎర్ర రంగుతో రాయించాను. ఆ తర్వాత నేను ఎక్కడికి బదిలీ అయితే అది అక్కడికి వచ్చింది.

నిలబడిన మనిషి మనం అడిగినదానికే జవాబు చెబుతాడు. కూర్చున్న మనిషి మనం అడగాల్సిన దానికి చెబుతాడు. పొందూరు వైపు పనిచేసినప్పుడు ఒక ముసలామె వచ్చింది. బతుకంతా సన్న నూలు వడికి వడికి ఆమె వేళ్ళు నున్నబడిపోయాయి, మిషను వేలిముద్ర పట్టలేదు. పింఛను ఆగింది. కాగితం మీద ‘మనిషి అందుబాటులో లేరు’ అని ఉంది. ఆమె కుర్చీలో సర్దుకుని, చీర కొంగు సరిచేసుకుని, నా ముఖంలోకి చూసి అడిగింది.

“నాను సచ్చిపోనానని రాసీసినారా అమ్మా? మరి మీ ముందర కూకున్నదెవులు?”

ఆ ఒక్క అప్పీలు తేల్చడానికి నాకు చట్టం అక్కర్లేకపోయింది. అన్నీ అంత తేలిగ్గా ఉండవు.

శాస్త్రిగారు

నాకు పని నేర్పింది శాస్త్రిగారు. నేను గుమాస్తాగా చేరినప్పుడు ఆయన సూపరింటెండెంటు. విజయనగరంలో సంగీతం వాళ్ళ ఇల్లు, తండ్రి వీణ చెప్పేవారట. ఈయన గొంతు మాత్రం తలుపు కిర్రుమన్నట్టు ఉండేది. చెవి గొప్పది. నేను ఫైలు చదివి వినిపిస్తుంటే బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ వినేవారు. చదవడం పూర్తవగానే ఒకటే అడిగేవారు.

“ఇక్కడ ప్రశ్న ఏమిటమ్మా?”

నేను రూలు చెప్పేదాన్ని.

“రూలు నాకూ తెలుసు. ప్రశ్న ఏమిటని అడిగాను. శ్రుతి చూసుకోకుండా ఎత్తుకుంటే ఎంత పాడినా అపస్వరమే.”

అప్పట్లో ఇదంతా ముసలాయన చాదస్తం అనుకున్నాను. తర్వాత తర్వాత తెలిసింది. మా దగ్గర తప్పుగా తేలిన అప్పీళ్ళలో చాలావాటిలో రూలు సరిగ్గానే ఉంటుంది, జవాబు కూడా సరిగ్గానే ఉంటుంది. అడగాల్సిన ప్రశ్నకి బదులు ఇంకో ప్రశ్న అడిగి ఉంటారు.

ఆయనది ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఉత్తర్వులో ‘అర్జీదారు’ అని రాయనిచ్చేవారు కాదు. మనిషి పేరు రాయాలి. “అర్జీదారుకి అర్హత లేదని రాయడానికి చేతికి ఏం కష్టం? సూరమ్మకి అర్హత లేదని రాయి చూద్దాం” అనేవారు. ఆ అలవాటు నన్ను చివరిదాకా వదల్లేదు.

ఇంతటి మనిషీ పై నుంచి ఫోను వస్తే లేచి నిలబడి మాట్లాడేవారు. ‘చిత్తం సార్’ అన్న మాట తప్ప ఇంకోటి వినబడేది కాదు. నేర్చుకోవలసింది ఆయన దగ్గర నేర్చుకున్నాను, ఆ చిత్తం మాత్రం ఆయనకే వదిలేశాను.

పోలమ్మ

ఇక అసలు సంగతి. అప్పటికి నేను సాలూరు వైపు ఒక మండలంలో ఉన్నాను. ఆ చుట్టుపక్కల సొంత లారీ లేని ఇల్లుంటుంది గాని లారీ మాట లేని ఇల్లుండదు. డ్రైవర్లు, క్లీనర్లు, టైర్ల వాళ్ళు, బాడీలు కట్టేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు, అందరికీ లారీయే అన్నం పెడుతుంది. అక్కడ కొందరు షావుకార్లకి ఒక పద్ధతి ఉంది. కొత్త బండి కొన్నప్పుడు అప్పు కోసమో, పన్ను కోసమో, దాన్ని నమ్మకమైన డ్రైవరు పేరు మీద పెడతారు. బండి కాగితాలు షావుకారు బీరువాలో ఉంటాయి. డ్రైవరు చేత ముందే ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. తోలినందుకు అతనికి వచ్చేది మామూలు జీతం, బత్తా మాత్రమే. అయినా డ్రైవరుకి అది పరువు. ‘షావుకారు నా పేరు మీద బండి పెట్టినాడు’ అని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాడు. అలాంటి డ్రైవరుకి ఇంకో ముచ్చట కూడా తీరుస్తారు. బండి నుదుటి మీద తన పిల్లల పేరు రాయించుకోనిస్తారు.

పోలమ్మ భర్త పైడిరాజు అలాంటి డ్రైవరు. షావుకారు లారీ అతని పేరు మీద ఉంది. నుదుటి మీద కూతురి పేరు ఉంది, జ్యోతి అని, చుట్టూ పువ్వులతో. జ్యోతికి పుట్టుక నుంచీ కాళ్ళు నిలవవు. పిల్ల సంగతి తెలిసిన కొన్నాళ్ళకే పైడిరాజు ఇంటికి రావడం తగ్గించాడు, తర్వాత మానేశాడు. రాయగడ వైపు ఇంకో కాపురం పెట్టాడు.

పోలమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు జ్యోతి చంకలో ఉంది. చంకలో పట్టే వయసు కాదు, ఏడో ఎనిమిదో ఏళ్ళుంటాయి. కుర్చీ చూపించాను. పిల్లని కూర్చోబెట్టబోతే పక్కకి జారిపోయింది. పోలమ్మ తనే కూర్చుని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని నడుం చుట్టూ బిగించింది. జ్యోతి నా బల్ల మీది పేపర్ వెయిట్ వైపు చూస్తూ ఉంది.

జ్యోతికి వికలాంగుల పింఛను వచ్చేది. ఆ డబ్బుతో పోలమ్మ ప్రతి వారం విజయనగరం తీసుకెళ్ళి కాళ్ళకీ నడుముకీ వ్యాయామం చేయించేది. క్రమం తప్పకుండా చేయిస్తే పిల్ల తనంతట తాను కూర్చోగలుగుతుందని, మానేస్తే కీళ్ళు ముడుచుకుపోయి ఎప్పటికీ కూర్చోలేదని డాక్టరు చెప్పాడట. కూర్చోలేని పిల్లని బళ్ళో ఎలా చేర్చుకుంటారు? ఇప్పుడు పింఛను ఆగిపోయింది, వ్యాయామమూ ఆగిపోయింది. ఆపడానికి కారణం, కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉందని. ట్యాక్సీకి, ఆటోకి, ట్రాక్టరుకి మినహాయింపు ఉంది, లారీకి లేదు.

“లారీ ఎవరిదమ్మా?” అని అడిగాను.

“షావుకారిదమ్మా. కాయితం మీద పేరు మా ఆయనది. బండి మీద పేరు మా గుంటది. మా ఇంటికి దాని పొగ కూడా రాదు.”

“మరి మనోవర్తికి కోర్టుకి వెళ్ళలేదా?”

“ఎల్లినానమ్మా. అక్కడ మా ఆయన దేవుడి మీద పెమాణం సేసి, బండి నాది కాదు, బత్తా మీద బతుకుతన్నానని సెప్పినాడు. మరి మాకాడ రుజువేటుంది? గుంటకి బస్సు సార్జీలకి సాలనంత రాసినారు. అదీ సరిగ్గా ఇవ్వడు.” పిల్లని ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది. గొంతు పెంచలేదు. “అక్కడ లారీ నేదన్నారు. ఇక్కడ ఉన్నాదంటన్నారు. ఉన్నాదో నేదో అందరూ కూకుని ఒక్క మాట సెప్పండమ్మా. ఉంటే అక్కడ ఇప్పించండి. నేకపోతే ఇక్కడ ఇయ్యండి.”

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. కోర్టు మీద కూడా కాదు, తన ముందుకు వచ్చిన సాక్ష్యం మీదే కోర్టు తేల్చాలి. ఒకే బండి పిల్ల నోటి దగ్గర కూడు లాక్కోవడానికి పనికొచ్చి, అదే పిల్లకి కూడు పెట్టడానికి పనికి రాకుండా పోయిందే, దాని మీద మండింది.

పొయ్యి

కింద ఆమె అర్జీ చూసినవాళ్ళు రాసింది ఒక్క ముక్క, ‘సిస్టంలో వాహనం ఉంది, తిరస్కరించడమైనది’. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు. నేను శాస్త్రిగారి మాట తలుచుకున్నాను. ఇక్కడ ప్రశ్న ఏమిటి? పైడిరాజు పేరు మీద లారీ ఉందా అన్నది ప్రశ్న కాదు, ఉంది. అది నిజంగా ఎవరిదన్నది కూడా నా ప్రశ్న కాదు. పైడిరాజు జ్యోతి కుటుంబంలో ఉన్నాడా? అదీ ప్రశ్న. అది ఎవరూ అడగలేదు. రేషను కార్డులో అతని పేరు ఉంది కాబట్టి ఉన్నట్టే అనుకున్నారు. ఆ పేరు తీయాలంటే విడాకుల కాగితం తెమ్మంటారు. అతను విడాకులివ్వలేదు, ఊరికే వెళ్ళిపోయాడు. ఇంటిని వదిలినవాడు కార్డుని మాత్రం వదల్లేదు.

నేను ఆ ఊరు వెళ్ళాను. మా వైపు కుటుంబాన్ని కప్పు చూసి లెక్కపెట్టరు, పొయ్యి చూసి లెక్కపెడతారు. ఒకే దూలం కింద అన్నదమ్ముల పొయ్యిలు రెండుంటే రెండు కుటుంబాలే. ఇది నాకు పుట్టుకతో తెలిసిన విషయం, మా ఇంట్లో మా చిన్నాన్న వేరు పడ్డప్పుడు గోడ కట్టలేదు, వంట వేరు చేశారు అంతే. ఆ ఊళ్ళో అమ్మవారి పండక్కి చందా పోగుచేసేది అప్పలసామి అనే పెద్దాయన. ఆయన్ని పిలిపించాను.

“పైడిరాజు ఇక్కడ ఉంటాడా మావా?” అని అడిగాను.

“ఉంటే మాకు కానరాడేటమ్మా? పండగొస్తే పొయ్యికింత అని సందా ఏస్తాం. మగోడున్న పొయ్యికి నిండు సందా. ఆడది ఒక్కర్తీ ఉన్న పొయ్యికి సగం. పోలమ్మ కాడ సగమే తీసుకుంటన్నాం.”

“ఎప్పటి నుంచి?”

“ఆ గుంట పుట్టిన మరసటేడు కాడ్నుంచి.”

“అలా తీసుకోవాలని ఎవరు తేల్చారు?”

“ఎవులేటమ్మా, ఊరు. పొగ సూస్తే తెలీదేటి ఎవుల పొయ్యి ఎలగ మండుతన్నాదో?”

నేను అక్కడే కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టాను. ఇరుగుపొరుగు ఇంకొందరు కూడా వచ్చి అదే చెప్పారు. అంతవరకూ గుమ్మంలో నిలబడ్డ పోలమ్మ ముఖం కందగడ్డ అయిపోయింది.

“ఆ సగం సందా మాట రాత్తారేటమ్మా? సిగ్గు గదా. వచ్చే ఏడు నిండు సందా కట్టేస్తాను. అది రాయకండి.”

ఈ ఉద్యోగంలో ఇది రోజూ జరుగుతుంది. మనిషికి హక్కుగా రావలసింది ఇవ్వడానికి ముందు ఆ మనిషి పరువు విప్పి చూపించమంటాం. దీనికి మందు నా దగ్గర లేదు. ఉన్నదల్లా ఆ మాట దాచకుండా ఆమెకి చెప్పడమే.

“ఊరందరికీ తెలిసిందేనమ్మా. తెలియనిది సర్కారుకి ఒక్కదానికే. అది రాస్తేనే జ్యోతికి పింఛను తిరిగొస్తుంది” అన్నాను. పోలమ్మ “రాయండి” అని లోపలికి వెళ్ళిపోయింది.

పెండింగు

నేను ఉత్తర్వు రాస్తుండగానే జిల్లా నుంచి ఫోను వచ్చింది. అప్పటి పై అధికారి, కుర్చీ తీయించినాయన కాదు, ఇంకొకాయన. ఇలాంటివాళ్ళు ఒకరు పోతే ఒకరు వస్తారు.

“మీ మండలంలో తీసేసిన పింఛన్లు మళ్ళీ ఎక్కుతున్నాయట. మా లెక్క పాడవుతోంది.”

“నాకిచ్చిన పని అప్పీలు వినడం సార్. లెక్క కాపాడటం కాదు.”

“సరే, తిరస్కరించవద్దు, ఇవ్వనూ వద్దు. పెండింగులో పెట్టండి. పాము చావదు, కర్ర విరగదు.”

“పెండింగు కూడా తీర్పే సార్. ఆ పిల్ల కీళ్ళు మన కోసం పెండింగులో ఉండవు.”

“పొయ్యి లెక్క ఏ జీవోలో ఉందమ్మా?”

“కలిసి ఉంటున్న కుటుంబం అని మన రూల్లోనే ఉంది. కలిసి ఉండటం అంటే ఏమిటో నేను వెళ్ళి చూసి వచ్చాను. మీరూ చూస్తానంటే బండి పంపిస్తాను.”

ఆయన ఫోను పెట్టేశాడు. నేను ఉత్తర్వు పూర్తి చేశాను. కారణాలు రాయని ఉత్తర్వు ఉత్తర్వు కాదు, బెదిరింపు. కాబట్టి అన్నీ రాశాను. రవాణా శాఖ రికార్డు ప్రకారం లారీ పైడిరాజు పేరున ఉన్నదని రాశాను. పైడిరాజు జ్యోతి తినే పొయ్యిలో తినడం లేదని, ఊరు ఆ పొయ్యిని ఒంటరి ఆడదాని పొయ్యిగా ఏళ్ళ తరబడి లెక్కిస్తోందని రాశాను. అందువల్ల ఆ లారీని జ్యోతి కుటుంబం ఆస్తిగా చూడరాదని, జ్యోతి పింఛను తిరిగి ఇవ్వాలని రాశాను. అర్జీదారు అని రాయాల్సిన ప్రతిచోటా జ్యోతి అనే రాశాను. సంతకం పెట్టి ఒక ప్రతి పోలమ్మ చేతికిచ్చి, ఇది మీ లాయరుకి చూపించండి, పనికొస్తుంది అన్నాను.

పింఛను తిరిగి వచ్చింది. వెనకాలే నాకు బదిలీ వచ్చింది, శ్రీకాకుళం జిల్లా కొసకి, ఒడిశా సరిహద్దు దగ్గరికి. చాలామంది ఫోను చేసి పాపం అన్నారు. పాపమేం లేదు. జీడిమామిడి తోటలు, చల్లటి గాలి, అక్కడా అప్పీళ్ళే. బదిలీకి భయపడేవాళ్ళు తీర్పు చెప్పే పనిలోకి రాకూడదు, గుమాస్తా పని చాలా ఉంది.

షావుకారు

నేను ఇంకా ఆ ఆఫీసు వదలక ముందే షావుకారు వచ్చాడు, మామిడిపళ్ళ బుట్టతో. పోలమ్మ తరఫు లాయరు, ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన ఒక చిన్నమ్మాయి, నా ఉత్తర్వునీ రవాణా శాఖ రికార్డునీ జతచేసి పై కోర్టులో రివిజను వేసింది. లారీ పైడిరాజుదే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకుని మనోవర్తి పెంచమని, ఇవ్వకపోతే లారీ జప్తు చేయమని అడిగింది. ఆ కబురు షావుకారుకి చేరింది.

ఆయన్నీ అదే కుర్చీలో కూర్చోబెట్టాను.

“అమ్మా, ఆ బండి నాదమ్మా. పైడిరాజుది ఒట్టి పేరే” అన్నాడు.

“అలాగా. అయితే ఆ మాటే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి.”

“రాస్తే అప్పులోళ్ళు పట్టుకుంటారు గదమ్మా.”

“రాయకపోతే కోర్టు పట్టుకుంటుంది.”

“మీరే ఏటో ఒకటి సెయ్యండి.”

“నేను చేయాల్సింది చేసేశాను. పళ్ళు తీసుకెళ్ళండి.”

ఆయన చెడ్డవాడని అనను. డ్రైవర్లకి జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు పెట్టుకునే మనిషే. కాకపోతే ఆ పద్ధతిలో లాభం ఆయనకి, పరువు డ్రైవరుకి, నష్టం పిల్లకి. పళ్ళ బుట్ట ఎత్తుకుని ఆయన వెళ్ళేటప్పుడు కుర్చీ వెనక నా పేరు చదివి ఒకసారి తిరిగి చూశాడు.

బోను

మనోవర్తి ఎలా తేలుతుందో మీలో చాలామందికి తెలియదు. పింఛను దగ్గర అడిగేది పిల్ల ఎవరి పొయ్యిలో తింటోంది అని. మనోవర్తి దగ్గర అడిగేది కన్నవాడికి ఏముంది, ఎంత సంపాదించగలడు అని. తనకి ఏముందో దాచకుండా చెప్పాల్సిన బాధ్యత కన్నవాడిదే. పైడిరాజు తన ఆస్తుల ప్రమాణపత్రంలో లారీ ఊసే ఎత్తలేదు. పై కోర్టు అది చూసి, కేసు మళ్ళీ వినమని కింది కోర్టుకి పంపింది. నాకు సాక్షిగా సమను వచ్చింది. కొత్త ఆఫీసులో సెలవు అడిగితే ఇవ్వలేదు. సమను చూపించి వెళ్ళాను.

పోలమ్మ జ్యోతిని ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చుంది. షావుకారు ఇంకో మూల కూర్చున్నాడు. పైడిరాజుని నేను చూడటం అదే మొదలు. బక్కపలచటి మనిషి, రాత్రంతా బండి తోలి వచ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జ్యోతి అతని వైపు చూస్తూనే ఉంది. అతను ఒక్కసారి కూడా ఆ బెంచీ వైపు తిరగలేదు. అప్పటిదాకా అతని మీద కాస్త జాలి ఉండేది, అక్కడితో పోయింది.

అతని వకీలు లేచి నన్ను అడిగాడు.

“మీరు పింఛను ఇచ్చేటప్పుడు లారీ లేదన్నారు. ఇప్పుడు మనోవర్తి కోసం లారీ ఉందంటున్నారు. ఏది నిజం చెప్పండి మేడం.”

“లారీ లేదని నేనెక్కడా రాయలేదు. నా ఉత్తర్వు మీ చేతిలోనే ఉంది, చదవండి. లారీ ఆ పిల్ల ఇంట్లో లేదని రాశాను. ఆ పిల్ల తండ్రి పేరు మీద ఉందని రాశాను. రెండూ నిజమే.”

“అంటే మీరు పోలమ్మ పక్షమన్నమాట.”

“నేను అప్పీలు విన్నదాన్ని. విన్నాక ఒక పక్షానికి రాకపోతే వినడం ఎందుకు?”

జడ్జిగారు ఉత్తర్వు తిరగేసి పైడిరాజుని పిలిచి నేరుగా అడిగారు. “ఈ లారీ నీదా, కాదా?”

అతను షావుకారు వైపు చూశాడు. షావుకారు నేల వైపు చూశాడు. కాదంటే షావుకారు బోనెక్కి నాదని చెప్పాలి, అప్పులవాళ్ళకీ పన్నులవాళ్ళకీ దొరికిపోవాలి, పైడిరాజు బండి దిగాలి. అవునంటే పిల్లకి ఇవ్వాలి. అన్నాళ్ళూ పెళ్ళిళ్ళలో గొప్పగా చెప్పుకున్న మాటని అతను అక్కడ చచ్చీ చెడీ చెప్పాడు.

“పేరు నాదేనండి.”

“అయితే దాని భారమూ నీదే” అన్నారు జడ్జిగారు.

జ్యోతి వ్యాయామానికి, బడికి, తిండికి సరిపడేటట్టు మనోవర్తి పెంచారు. ఒక్క నెల కట్టకపోయినా లారీ జప్తు చేయవచ్చని రాశారు. ఆ రోజు నుంచి షావుకారే పైడిరాజు జీతంలో పట్టుకుని నెలనెలా కట్టిస్తున్నాడు. పిల్ల మీద ప్రేమ కాదు, బండి పోతుందన్న భయం. పిల్ల కాళ్ళకి ఆ రెంటికీ తేడా తెలియదు.

పేరు

నా రిటైర్మెంటు రోజున ఆ కొసాఖరు మండలానికి బస్సులు మారి మారి పోలమ్మ వచ్చింది. జ్యోతి చంకలో లేదు. వీల్‌చైర్లో వచ్చింది, స్కూలు యూనిఫారంలో. సన్మానం అయ్యాక నా గదిలోకి వచ్చారు. కబుర్లలో పోలమ్మ చెప్పింది.

“షావుకారు బండి మీద పేరు సెరిపీసినాడమ్మా. కోర్టు అయిన వారానికే రంగు పూసీసినాడు.”

నాకు మనసు చివుక్కుమంది. జ్యోతి బాధపడిందా అని అడిగాను. తల్లి జవాబు చెప్పేలోపే జ్యోతి అందుకుంది.

“సెరిపితే సెరపనీ. మీ ఉత్తరువులో ఉన్నాది గదా. మాయమ్మ సదివించింది. ఎన్నిసార్లున్నాదో నాను లెక్కెట్టినాను.”

పోలమ్మ నవ్వి, కూతురి చంకల కింద చేతులు వేసి లేపి, నా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎప్పటి అలవాటు కొద్దీ నేను పట్టుకోబోయాను. పోలమ్మ చేతులు తీసేసి, “నీళ్ళు తాగొస్తానమ్మా” అని బయటికి వెళ్ళిపోయింది. జ్యోతి జారలేదు. కుర్చీ చేతుల మీద తన చేతులు పెట్టుకుని, నిటారుగా కూర్చుని, నా బల్ల మీది పేపర్ వెయిట్ కావాలని అడిగింది.

పేపర్ వెయిట్ ఆఫీసుది, ఇవ్వలేదు. కుర్చీ నాది, ఇచ్చేశాను. బస్సు టాపు మీద కట్టి పంపించాను. వీపు మీద నా పేరు గీకేసి జ్యోతి పేరు రాయించుకున్నారని, బళ్ళో అందులోనే కూర్చుంటుందని తర్వాత పోలమ్మ ఫోను చేసి చెప్పింది.

కాబట్టి నా ఆఫీసులో ఇప్పుడు ఆ కుర్చీ లేదు. నా తర్వాత వచ్చినాయన బల్ల ముందు మనుషులు మళ్ళీ నిలబడుతున్నారని విన్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆఫీసు ఇస్తుందని ఎదురుచూడకండి. ఎవరి కుర్చీ వాళ్ళు కొనుక్కోండి, చేతులున్నది కొనండి.